రెండో వయొలిన్

వియన్నా వైద్య విద్యార్థుల నృత్యోత్సవానికి ఆ ఏడు జంటలు గిరగిరా తిరుగుతూ ఆడేందుకు కొత్త వాల్ట్జ్ పాట కట్టారు. ఆడవాళ్ళే జోడీని ఎంచుకునే వంతు రాగానే, చేతితొడుగుల కొట్టువాళ్ళమ్మాయి పోల్డీ తిన్నగా వాద్యబృందం దగ్గరికొచ్చి, రెండో వయొలిన్ వాయించే అలోయిస్‌కి చెయ్యి చాపింది.

"దిగవయ్యా మహానుభావా!"

"ఈ ఒక్కటీ అయిపోనీ, పోల్డీ."

బుద్ధిమంతుడు కదా! జనం ఆ వాల్ట్జే మళ్ళీ మళ్ళీ అడిగి నాలుగుసార్లు వాయింపించుకున్నారు. అతను వయొలిన్ దించేసరికి పోల్డీ ఎవరో కాబోయే డాక్టరుతో తిరుగుతూ నవ్వుతోంది. ఆ డాక్టర్నే పెళ్ళాడింది.

ముప్ఫై ఏళ్ళకు, అలోయిస్ ఒక్కడే వాయించే కాఫీ హోటల్‌కి తల నెరిసిన పోల్డీ వచ్చి, ఆ వాల్ట్జ్ వినిపించమంది. వినిపించాడు.

"ఇదేంటి, ఉత్త దరువే! పాటేదయ్యా?"

"పాట మొదటి వయొలిన్ వాళ్ళది, పోల్డీ. నాకు రాసిచ్చింది ఇంతే."