బాడుగ పుచ్చుకోని పడవలు

మా ముత్తాతగారికి ఏలూరు కాలువ మీద ఇరవై రెండు పడవలు ఉండేవి. బెజవాడ వైపు ధాన్యం, రాజమండ్రి వైపు బెల్లం, పొగాకు వాటిలోనే వెళ్లేవి. మా తాతగారి నాటికి అవి పద్నాలుగయ్యాయి. అయినా లాకుల దగ్గర ఆయన పడవ కనిపిస్తే ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవారట. లారీలు వచ్చాక మా నాన్నగారు పడవలను కొల్లేరుకు దించి చేపల రవాణాకు పెట్టారు. ఆయన పోయేనాటికి ఏడు. నా చేతిలో నిలిచినవి మూడు.

పడవలు తగ్గినా ఒక పద్ధతి తగ్గలేదు. కొల్లేరు ఎగదన్ని లంక గ్రామాల్లోకి నీళ్లు వచ్చిన ప్రతిసారీ మా పడవలు వెళ్లేవి. మనుషులను, పశువులను, బియ్యం బస్తాలను గట్టుకు చేర్చేవి. అందుకు మా పెద్దల్లో ఎవరూ బాడుగ పుచ్చుకోలేదు. నేనూ పుచ్చుకోలేదు.

మా ఆవిడ పోయాక నేను ఏలూరులో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నాను. పడవలు పెదపాడు అవతల, ఒక లంక ఊరి డ్రెయిను గట్టున కట్టి ఉండేవి. చెరువుల్లో చేపలకు మేత వేయడానికి రైతులు వాటిని బాడుగకు తీసుకునేవారు. ఫైబరు పడవలు వచ్చాక ఆ అడిగేవాళ్లూ తగ్గారు. చెక్క పడవకు ఏటా ఎండాకాలంలో తారు పూయాలి, చివికిన పలకలు మార్చాలి. రెండు ఎండాకాలాలు ఆ పని చేయించలేకపోయాను. మూడోది కూడా దాటితే అవి పొయ్యిలోకి తప్ప పనికిరావు.

అలాంటప్పుడు పేపర్లో ప్రకటన చూశాను. వరదల నెలల్లో కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల కోసం అయిదు పడవలు సిద్ధంగా ఉంచడానికి రెవెన్యూ ఆఫీసు సీల్డ్ టెండర్లు పిలిచింది. చిన్న వ్యాపారంగా నమోదైనవాళ్లు డిపాజిట్ కట్టనక్కర్లేదు. ఉన్న మూడు పడవలు బాగుచేయించి, ఇంకో రెండు ఎక్కడైనా మాట్లాడుకుంటే సరిపోతుంది. ఇది దొరికితే పడవలు నిలుస్తాయి, లేకపోతే అమ్మేయాలి. ఇందులో నాకు సందేహం లేదు.

సందేహం వేరే ఉంది. వరదకు వెళ్లే పడవకు బాడుగ అడగడం. సర్కారు దగ్గర పుచ్చుకోవడం, మునిగినవాడి దగ్గర పుచ్చుకోవడం ఒకటి కాదని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఒప్పించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇలాంటివి ఇంట్లో ఇంకొకరు ఉంటే ఒక పూటలో తేలతాయి.

ఆ నమోదు కోసం వెళితే, నెట్ సెంటరులో కంప్యూటర్ ముందున్న అమ్మాయి నా వివరాలు కొడుతూ, వ్యాపారం ఎప్పుడు మొదలైందండీ అని అడిగింది. మా ముత్తాతగారి కాలంలో అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. తేదీ కావాలండీ, దానికి ఏదైనా కాగితం కావాలండీ అంది. నా దగ్గర లేదు. అయితే బ్యాంకులో వ్యాపారం ఖాతా తెరిచిన తేదీ వేద్దామండీ అని అదే వేసి, ప్రింటు తీసి ఇచ్చింది. నాలుగు తరాల వ్యాపారానికి ఆ కాగితం మీద పదకొండు రోజుల వయసు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

రెవెన్యూ ఆఫీసులో గుమస్తా మంచివాడు. కుర్చీ వేయించాడు. కాగితాలు ఒక్కొక్కటీ చూసి, ఇదివరకు ప్రభుత్వానికి పడవలు పెట్టినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ లేదే అన్నాడు. ప్రతి వరదకూ మా పడవలు వెళ్లాయని, ఎవరిని అడిగినా చెబుతారని అన్నాను.

"నాకు తెలుసండీ. మా అమ్మమ్మని చంటిపిల్లప్పుడు మీ పడవలోనే గట్టుకు తెచ్చారంట. ఇప్పటికీ చెబుతూ ఉంటుందండి. కానీ ఫైల్లో మా అమ్మమ్మని పెట్టలేను కదండీ."

పక్క బల్ల దగ్గరాయన నవ్వాడు. నేనూ నవ్వాను. బాడుగ పుచ్చుకున్నట్టు ఒక్క ఓచరైనా ఉంటే చాలు, దాన్ని బట్టి సర్టిఫికెట్ తయారవుతుంది, పన్నెండు రోజులు టైముంది అని గుమస్తా చెప్పాడు.

ఓచరు అనగానే నాకు నాలుగేళ్ల కిందటి వాన గుర్తొచ్చింది. ఆ ఏడు లంకల్లోకి నీళ్లొచ్చినప్పుడు నా మూడు పడవలూ ఆరు రోజులు తిరిగాయి. నీళ్లు తీశాక ఆ ఊరి వీఆర్వో గొడుగు కింద ఓచరు పుస్తకం పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. ప్రభుత్వం ఇచ్చేదే కదండీ, సంతకం పెట్టండి అన్నాడు. నేను పుస్తకం వెనక్కి తోశాను. మా ఇంట వరద పడవకు బాడుగ లేదండీ అన్నాను. పదిమంది విన్నారు. వాళ్లు వినాలనే కాస్త గట్టిగా అన్నాను.

ఆ వీఆర్వో రిటైరై తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలుసుకుని బస్సెక్కాను. ఒకప్పుడు ఆ దారిలో మా నాన్నగారితో వెళితే ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు లేచి సీటు ఇచ్చేవారు. ఆ రోజు గంట సేపు నిలబడే వెళ్లాను. ఊళ్లో దిగేసరికి ఉల్లిపాయల వాసన. ఉల్లి మార్కెట్టు వెనక సందులో ఆయన ఇల్లు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. కాఫీ తెప్పించాడు. నేను వచ్చిన పని చెప్పగానే కప్పు కింద పెట్టేశాడు.

"మీరు సంతకం పెట్టలేదు కదండీ. పడవలు తిరిగాయని పైకి రిపోర్టు వెళ్లిపోయింది. ఎవరివో రాయకపోతే ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుందండి. అందుకని మీ పడవ నడిపినతని చేత పెట్టించాను."

అంటే కాగితం మీద ఆ పడవలు అతనివి. నాన్నగారి రోజుల నుంచీ మా దగ్గర గెడ వేసి పడవ తోసినవాడి పేరున ఉన్నాయి. ఈ మధ్య చేపల రైతుల దగ్గర సొంతంగా పనులు పట్టి రెండు ఫైబరు పడవలు కొన్నాడని విన్నాను. ఆ ఓచరుతో అతను సర్టిఫికెట్ తీసుకున్నాడని, అదీ ఈ టెండరు వేయడానికేనని కూడా వీఆర్వో చెప్పాడు. తప్పు ఆయనది అనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు లంక ఊరికి వెళ్లాను. అతను గట్టు మీద వల ఆరబెడుతున్నాడు. నన్ను చూసి తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నేను అడగకముందే, తెలిసిందా బాబుగారూ అన్నాడు. ఓచరు డబ్బు అందిన రోజే ఏలూరు వచ్చానని, మీరు గుమ్మంలోంచే ఉంచుకో అని పంపించేశారని, మాట పూర్తి చెయ్యనివ్వలేదని చెప్పాడు. అది నిజం. ఆ రోజు వరద సొమ్మన్న మాట ఒక్కటే విని తలుపు వేసుకున్నాను.

"టెండరు మీరే వెయ్యండి బాబుగారూ. నేను ఆగిపోతానండి. నా రెండు పడవలూ మీకే పెడతాను. అప్పుడు తిరిగినవి మీ పడవలేనని తాసిల్దారు ముందు రాసిస్తానండి."

"నా పడవలు నావని నువ్వు రాసివ్వాలా?"

అతను చేతిలోని వల కింద పెట్టాడు.

"ఇంకెవరు రాస్తారండీ? ఆ ఆరు రోజులూ అక్కడ ఉన్నది నేనే కదండీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నిజానికి ఆ ఆరు రోజుల్లో నేను గట్టు మీదికి వచ్చింది రెండుసార్లు, అదీ జీపులో. పడవలు పంపడం అంటే మా ఇంట్లో అర్థం అదే. గెడ ఎవరు వేశారో, రాత్రిళ్లు ఎవరు తడిశారో మా పెద్దలు ఏనాడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆలోచించి చెబుతానన్నాను. అతను అరటాకులో చేపలు చుట్టి ఇచ్చాడు. బస్సులో ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి తెచ్చాక ఒక్కడి కోసం వండుకోలేక కింద వాటాలోవాళ్లకు ఇచ్చేశాను.

పది రోజులున్నాయి. అతను రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ ఇంకా చూస్తున్నానన్నాను. చూడటానికి ఏమీ లేదు. అతను రాసిస్తే పడవలు నిలుస్తాయి. అతను రాసిచ్చాడు కాబట్టి నిలిచాయన్నది నాకు ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. నేను కాని మనిషి ఈ లెక్క చూస్తే నవ్వుతాడు. నేను ఆ మనిషిని కాలేకపోయాను.

ఆఖరి రోజు కవరు అంటించి ఆఫీసుకు తీసుకెళ్లాను. ఒక్క కాగితం తప్ప అన్నీ ఉన్నాయి. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి టెండర్లు వేసే పెట్టె మూస్తారు. రెండున్నరకు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతిలో కవరు ఉంది, పెట్టె వైపు వెళ్లడం లేదు. మూడుకు అయిదు నిమిషాలు ఉందనగా నేనే లేచాను.

"వెళ్లి వెయ్యి. అయిదు పడవలు ఉన్నాయని రాశావా?"

"రెండే ఉన్నాయండి. మిగతావి ఎక్కడైనా చూసుకుందామని రాసేశాను."

"ఇంకెక్కడా చూడకు" అన్నాను.

అతను కవరు వేసి వచ్చేసరికి నేను మెట్లు దిగిపోయాను. నా కవరు ఇప్పటికీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది, అంటించినది అంటించినట్టే.

టెండరు అతనికి వచ్చింది. తొలకరికి ముందే మూడు పడవలూ అతనికి అమ్మాను, గెడలు, తెడ్లు, మా తాతగారి నాటి ఇనుప లంగరుతో సహా.