సాలమ్మ సజ్జ కింది గాడి

సాలమ్మ మొదటి గెలుపు దేవరకొండ సంతబజారులోని ధాన్యం దుకాణం గోడ. పన్నెండేళ్లు తట్టలు మోసిన మనిషి, మూడేళ్లు బతిమాలితే ఆ గోడ కిటికీ మీద వానకు అడ్డంగా ఒక్క సజ్జ వేసే పని చేతికొచ్చింది. 1987 వానాకాలంలో ఊళ్లో ప్రతి కిటికీ సజ్జ కింద గోడ నల్లని చారలు కట్టినా, ఆ గోడ మాత్రం సున్నం వేసిన నాటి తెలుపుతోనే నిలిచింది.

ఆమె తట్టలు మోసింది బషీర్ మేస్త్రి దగ్గరే. ఆయనకు మింగుడుపడనిదీ అదే. బషీర్ చేతి కింద లేచిన కట్టడాలు తక్కువా? రెండు బడులు, పశువుల దవాఖాన, గింజల గోదాము, మసీదు ముందరి నీళ్ల హౌజు. హౌజు కట్టి పదిహేనేళ్లయినా చుక్క కారలేదని కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ ముచ్చట ఎత్తితే జనం మధ్యలోనే అందుకుని, "మన సాలమ్మ సజ్జ చూసినవా మేస్త్రీ" అంటున్నారు. ఆ 'మన' అన్న మాట ఆయన చెవిలో ముల్లులా దిగేది.

ఉపాయం ఎక్కడిదో సాలమ్మ దాచుకోలేదు. చిన్ననాడు ఖిల్లా గుట్ట మీద మేకలు కాస్తూ, వానొస్తే ఒక పెద్ద రాతి గుండు కింద దూరేది. గుండు అంచు దాటిన నీళ్లు దాని పొట్ట వెంబడి లోపలికి పాకేవి. అక్కడొక పగులు. పగులు దగ్గర నీళ్లు ఇక పాకలేక కిందికి రాలిపోయేవి. దాని వెనక మట్టి ఎప్పుడూ పొడిగానే ఉండేది. ఆమె ఇదంతా పనివాళ్లకు చెబుతుంటే బషీర్ అటు తిరిగి తాపీ కడుక్కున్నాడు. కడిగిన తాపీనే మళ్లీ కడిగాడు.

1991 జూన్‌లో బషీర్ కడుతున్న అంజయ్య కొత్త ఇల్లు సజ్జల దాకా వచ్చింది.

"సజ్జలు సాలమ్మతోని వేయిద్దాం మేస్త్రీ" అన్నాడు అంజయ్య.

"ఆమె నందికొండ క్వార్టర్ల పనికి పోయింది. వానలు ఆగుతయా? నా దగ్గర తట్ట మోసినామెకు తెలిసింది నాకు తెల్వదా? గోడకు తడి తగిల్తే పైన మేడ పని నాకియ్యకు."

అంత మాట అన్నాక ఊరుకోలేదు. పొద్దున్నే నిచ్చెన వేసి దుకాణం సజ్జను జానలతో కొలిచాడు. వాలు ఎంతో, అంచు ఎంత ముందుకుందో మనసులో పెట్టుకున్నాడు. వంగి అడుగు చూస్తే, అంచుకు రెండు వేళ్ల లోపల పొడుగునా ఒక గాడి. పచ్చి సిమెంటులో సుతిలి తాడు ఒత్తి తీసిన గుర్తు. బషీర్ పెదవి విరిచాడు. తన పనివాళ్లు అలాంటి గీత వదిలితే మళ్లీ చేయించేవాడు.

అంజయ్య ఇంటి సజ్జలకు వాలూ అంచూ అచ్చం అలాగే దించి, అడుగు మాత్రం అద్దంలా నున్నగా రుద్దాడు.

"సాలమ్మ చెయ్యి ఇంత సాఫ్ వస్తదా, చూడు" అన్నాడు.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. అంజయ్య కబురు పంపాడు. బషీర్ పోయి చూస్తే సజ్జల కింద, కిటికీల పైన గోడంతా నెమ్ము.

"అద్దం లెక్క మంచిగనే రుద్దినవ్ మేస్త్రీ. నీళ్లకు బాట సాఫ్ అయింది."

"జర ఆగు అంజయ్యా, కొత్త సిమెంటు. పీల్చుకుంటది."

"పీల్చుకున్నది. మా గోడనే."

బషీర్ తడుస్తూనే సంతబజారుకు పోయి దుకాణం ముందు నిలబడ్డాడు. అంచు దాటిన నీళ్లు గాడి దాకా పాకి, అక్కడినుంచి వరుసగా రాలుతున్నాయి. సిగ్గు కన్నా ముందు కోపం వచ్చింది ఆయనకు, ఆ పొడి గోడ మీద, ఆ గుట్ట మీద. ఖిల్లా గుట్ట తానూ పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఆ గుండు తనకెందుకు కనబడలేదు?

తిరిగొచ్చి, "ఉలితోని గాడి కొడ్త" అంటే అంజయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఇగ చాలు. సాలమ్మ వచ్చి చూడాలె. ఆమె కొట్టుమంటే కొట్టు. మేడ నీదో ఆమెదో గప్పుడు చెప్త."

సాయంత్రం బషీర్ సాలమ్మ ఇంటికి పోయాడు. ఆమె తల్లి నాగులమ్మ గడపలో కూర్చుని చాట చెరుగుతోంది.

"నీ బిడ్డ ఎప్పుడొస్తది నాగులమ్మా?"

"ఏం మేస్త్రీ, తట్ట మొయ్యనీకి మనిషి కావాల్నా?"

"కాదు. ఒక సజ్జ చూడాలె."

"ఎవలు వేసిన సజ్జ?"

బషీర్ తలకు చుట్టిన తువ్వాలు తీసి పిండుకున్నాడు. "నేను వేసిందే."

ముసలమ్మ చాట పక్కన పెట్టి, వేళ్ల మీద రోజులు చూసుకుంది. "పని ఒడిసినంకనే వస్త అని చెప్పి పోయింది. ఆగస్టు పదకొండు, ఐతారం."