కార్తీకంలో నేను మానేసిన మాత్ర

ఆ ఉదయం తులసి తీర్థం గొంతులోకి దిగలేదు. దీపం పెట్టి, మూడు ఉద్ధరిణెల తీర్థం తీసుకున్నాకే నేను పొయ్యి వెలిగిస్తాను. ఆ రోజు మొదటి ఉద్ధరిణెకే గొంతు భగ్గున మండి కళ్ల వెంట నీళ్లు కారాయి. అద్దంలో చూసుకుంటే నాలుక మీదా, అంగిలి మీదా పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత. అప్పటికి రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం తగులుతోంది. జాకెట్లు భుజాల మీంచి జారిపోతున్నాయి. ఉపవాసాలు ఎక్కువయ్యాయి, అందుకే చిక్కాననుకున్నాను. తీర్థమే దిగకపోయేసరికి భయం వేసింది.

మాది అనకాపల్లి పక్క పల్లె. మా నాన్నకు చెరకు తోట, బెల్లం వండే పెనం ఉండేవి. నేను బడికి వెళ్లలేదు. నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించి స్తోత్రాలు చదవడం నేర్పారు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. మొదట టీబీ అన్నారు, తర్వాత మెదడుకు జ్వరం ఎక్కిందన్నారు. పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా నోట్లోకి లైటు వేసి చూశారు. "ఇది ఓరల్ థ్రష్, నోట్లో పట్టే బూజమ్మా. మీ వయసులో ఊరికే ఇంతలా రాదు. హెచ్ఐవీ టెస్ట్ చేయిద్దామా? మీరు సరే అంటేనే."

సరేనన్నాను. అదేమిటో తెలిస్తే అంత తొందరగా అనేదాన్ని కాదేమో. మధ్యాహ్నం కౌన్సెలర్ అమ్మ తలుపు దగ్గరగా వేసి, నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుని, ఉందని చెప్పారు.

"నేనే తప్పూ సెయ్యలేదండి," అన్నాను.

"ఆ మాట ఇక్కడ ఎవర్నీ అడగమమ్మా. మందు ఎప్పుడు మొదలెడదాం, అదొక్కటే అడుగుతాం."

మా ఆయనకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. అడగడానికి ఆయన లేరు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రెండు రోజులకు మించి సాగలేదు.

సీడీ4 నూట నాలుగు వచ్చింది. "హెచ్ఐవీ అనేది వైరస్ పేరు. సీడీ4 రెండు వందల కిందికి దిగితే ఎయిడ్స్ దశ అంటాం. మీరు అక్కడున్నారు. కానీ అక్కడి నుంచి వెనక్కి రావచ్చు," అన్నారు డాక్టరమ్మ. సీడీ4 అంటే ఏమిటో కౌన్సెలర్ అమ్మ చెప్పారు. మన రక్తంలో కావలివాళ్లు ఉంటారట, వాళ్ల లెక్కే సీడీ4 అట. రోగం లోపలికి అడుగుపెట్టగానే కేకవేసి మిగతా వాళ్లందరినీ లేపుతారట. ఈ వైరస్ మరెక్కడికీ పోకుండా సరిగ్గా ఆ కావలివాళ్ల గుడిసెలోనే దూరి, వాళ్ల పొయ్యి మీదే వండుకుని, తనలాంటి వాటిని వేలకువేలు పుట్టిస్తుందట. కావలి పోయాక, మామూలుగా గుమ్మం దాటలేని బూజు కూడా నోట్లోకొచ్చి కూర్చుంటుంది.

ఆటోలో ఇంటికి వస్తూ నా అరచేతినే చూసుకున్నాను. నలభై ఏళ్లు ఈ ఒంటికి నీళ్లు పోశాను, అన్నం పెట్టాను. లోపల ఇంతమంది నిద్రాహారాలు లేకుండా నన్ను కాస్తున్నారని నాకెవరూ చెప్పలేదు. గుళ్లో దేవుడికి రోజూ మొక్కాను కానీ, ఆయన నాలోపల పెట్టిన ఈ కాపలాకి ఒక్కసారైనా చేతులు జోడించలేదు. రోగం సంగతి మరిచిపోయి కాసేపు ఆ ఆశ్చర్యంలోనే ఉండిపోయాను.

మందుల కోసం వెళ్లిన రోజున బల్ల మీద నా పక్కన పూడిమడక నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ కూర్చుంది. నా మొహం చూసి నవ్వింది. "కొత్తా? ఏటలా ఎండిపోయిన నెత్తల్ల సేపలా ఉన్నావు? నేనొచ్చినప్పుడు నన్ను మంచం మీద ఏసి తెచ్చినారు. పదకొండేళ్లయినాది. ఇప్పుడు సూడు, గంప నెత్తినెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాను. ఏసుకో, అదే లేపుద్ది." ఆవిడ దండ చెయ్యి నా కాలంత ఉంది. నమ్మకుండా ఎలా ఉంటాను?

వైరస్‌ని అణచడానికి రోజుకొక్క ఏఆర్‌టీ మాత్ర. ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇంకొకటి. మొదటి రెండు వారాలు తల తిరిగింది, పీడకలలొచ్చాయి. మూడో వారం ఆకలి వేసింది. ఎన్నాళ్లకో ఆకలి! ఆరు నెలలకు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ కాగితం మీద 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది. "టెస్టుకు దొరకనంత తగ్గింది. పోలేదమ్మా, మాత్ర ఆగకూడదు," అన్నారు డాక్టరమ్మ. నేను మొదటి మాట విన్నంత శ్రద్ధగా రెండోది వినలేదు.

అంత మేలు జరిగితే ఊరికే ఎలా ఉంటాను? కార్తీకం వచ్చింది. నెల్లాళ్లూ పాలూ పళ్లతోనే ఉంటాను, మరే పదార్థమూ నోట పెట్టనని శివుడికి మొక్కుకున్నాను. మందు కూడా పదార్థమే కదా అనుకున్నాను. అన్నం తిన్నాకే మాత్ర వేసుకోవడం అలవాటు, అన్నమే లేనప్పుడు మాత్రేమిటని కూడా అనుకున్నాను. మందు సీసా బియ్యం డబ్బాలో పెట్టేశాను. అత్తమ్మకు అవి రక్తం పట్టే మాత్రలని చెప్పి ఉన్నాను కనుక ఆవిడ అడగలేదు. ఆ నెలంతా నా మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

కార్తీకం వెళ్లగానే సీసా బయటికి తీసి మాత్ర మొదలెట్టాను. మార్గశిరం సగానికి మళ్లీ సాయంత్రం జ్వరం. నాలుక మీద మళ్లీ తెల్లపూత.

వైరల్ లోడ్ వేలల్లోకి వెళ్లిపోయింది. "మాత్రలు తప్పాయా?" అన్నారు డాక్టరమ్మ. "నేదండి," అన్నాను. కౌన్సెలర్ అమ్మ నా సీసా బల్ల మీద బోర్లించారు. అన్ని మాత్రలు మిగిలి ఉంటే ఇంకేం అబద్ధం ఆడను? తల వంచుకుని మొక్కు సంగతి చెప్పాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మందు ఆపితే వైరస్ మారిపోవచ్చు. మారితే ఈ మాత్ర మీకు ఇక పనిచేయకపోవచ్చు. మూడు నెలలు ఒక్కటీ తప్పకుండా వేసుకోండి. మళ్లీ టెస్ట్ చేద్దాం. అప్పటికీ తగ్గకపోతే వేరే మందులు చూడాలి."

మా నాన్న బెల్లం వండేవారని కౌన్సెలర్ అమ్మకు అంతకుముందే చెప్పి ఉన్నాను. బయటికి వచ్చాక అడిగారు. "పెనంలో చెరకు రసం పొంగుతుంటే మీ నాన్న ఏం చేసేవారు?"

"నూనె సుక్కేసి, కలుపుతా పొంగు దింపేవోరండి."

"దిగింది కదా అని తోటకి వెళ్లిపోయేవారా?"

కింద మంట ఉన్నంతసేపూ నాన్న ఆ పెనం దగ్గర నుంచి కదిలేవారు కారు.

ఆ సాయంత్రం అత్తమ్మకు అంతా చెప్పేశాను. ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

"నా కొడుక్కీ ఇదేనేటే?"

"ఇదే అయ్యుంటాది అత్తమ్మా."

"ఈ మాత్రేసుకుంటే బతుకుతారా?"

"బతుకుతారంట."

చేట కింద పెట్టింది. తర్వాత ఒక్కసారిగా లేచింది. "మరి నెల్లాళ్లు మానేసినావేటే? సివుడొచ్చి నీ సేతిలో మాత్ర లాక్కున్నాడేటి? ఇసం మింగినోడే ఆయన, నీ మందుగోలికి మైలపడిపోతాడేటి? నా కొడుక్కి దొరకనిది నీకు దొరికితే, తీసికెల్లి బియ్యంలో పాతెట్టినావు!" అరుస్తూనే ఏడ్చింది. ఏడుస్తూనే తను సగం తాగిన మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగు. ముందిది తాగు."

మర్నాటి నుంచి మాత్ర ఉదయానికి మార్చాం. అన్నం తర్వాతే వేసుకోవాలన్న నియమం లేదని, నీళ్లతో చాలని కౌన్సెలర్ అమ్మ చెప్పారు. నేను తీర్థం తీసుకోగానే అత్తమ్మ చెంబుతో ఎదురుగా నిలబడేది. శివరాత్రి ఉపవాసం నాడూ నిలబడింది. నేను మింగేదాకా చెంబు దింపలేదు.

మూడు నెలలు గడిచాయి. కాగితం తిప్పి చదివి డాక్టరమ్మ నవ్వారు. టార్గెట్ నాట్ డిటెక్టెడ్. నేను చెడగొట్టుకున్నా, ఆ చింతగింజంత మాత్ర నా మీద అలగలేదు. ఈసారి ఏ మొక్కూ మొక్కలేదు. "వచ్చే నెల మాత్రలు ఇవాళే ఇచ్చేత్తారాండి?" అని మాత్రం అడిగాను.

ఇప్పటికి నాలుగేళ్లు. సీడీ4 ఐదు వందలు దాటింది. కుట్టుమిషన్ మీద పని చేసుకుంటున్నాను. నోములూ ఉపవాసాలూ మానలేదు. నాలాగే వ్రతాలుండే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట: ఉపవాసం పట్టే ముందు మీ కౌన్సెలర్‌కి చెప్పండి, అన్నం మానినా ఆ పూట మాత్ర మానకండి. నా సీసా ఇప్పుడు దేవుడి గూట్లో, ఉద్ధరిణె పక్కనే ఉంటుంది. దీపం వెలిగించిన చెయ్యే దాని మూత తీస్తుంది.

అత్తమ్మకు చూపు తగ్గింది. ఇప్పుడు చెంబు పట్టుకుని నిలబడలేకపోతోంది. మంచం మీంచే రోజూ కేకేస్తుంది.

"దిగినాదేటే?"

"దిగినాది అత్తమ్మా."