నన్ను నరకకుండా వదిలేసినవాడు

మా ఊరికి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఏడాది, బోరు నీళ్ల తగువులో మా చిన్నాయన కొడుకు నా చీనీ తోటను మొదళ్ల దాకా నరికించాడు. కాపు మీదున్న బత్తాయి చెట్లు. పొద్దున్నే గొడ్డలి తీసుకుని బెళుగుప్ప దారిలో వాడికి ఎదురెళ్లాను. మొదటి దెబ్బకే వాడి భుజం చీలింది. రెండో దెబ్బకు చెయ్యెత్తగానే నా ఛాతీలో పలుగు దింపి తిప్పినట్టయింది. రోడ్డు మీద బోర్లా పడ్డాను.

వాడి మనుషులు కొడవళ్లతో మీదికొచ్చారు. వాడే అడ్డం నిలబడ్డాడు.

"తగ్గండప్పా! గుండెనొప్పోన్ని నరికితే నన్ను మగోడంటారా?"

నెత్తురు కారుతున్న భుజంతోనే నన్ను జీపులో వేసుకుని అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. నా తల కింద తన తుండుగుడ్డ పెట్టాడు. అది మా ఇంట్లో ఇంకా ఉంది. ఉతకనివ్వలేదు. చీనీ చెట్లనైనా మరిచిపోతానేమో, గుండెనొప్పోడన్న ఆ మాటను మరవను.

ఆ తర్వాత నాకు ఛాతీ కోసి ఆపరేషన్ చేశారు, మళ్లీ కొన్నేళ్లకు స్టెంట్లు వేశారు. నొప్పి పోలేదు. ఇక కోయడానికేమీ లేదన్నాడు బెంగళూరు డాక్టరు. పొట్ట చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, దాని వైరు వెన్నులోకి పంపుతారట. సన్నటి కరెంటుతో నొప్పి తగ్గవచ్చు. గుండె మాత్రం ఇలాగే ఉంటుంది.

"నొప్పి తగ్గితే ఏం చేయాలని మీ కోరిక?" అని అడిగాడు.

"మా తమ్మున్ని నరకల్ల సార్."

డాక్టరు నవ్వాడు. నా భార్య నవ్వలేదు. బస్టాండులో నా మీద విరుచుకుపడింది.

"ఆ నొప్పొకటే నీ చెయ్యి పట్టుకోనుండాది. పెట్టిచ్చుకోవద్దు."

"నా ఒళ్లు, నా ఇష్టం."

"నరికేది నువ్వు. జైలుకు క్యారియర్ మోసేది నేను!"

ఈ సంగతి మా చిన్నాయన కొడుకు చెవిన పడింది. మా వాకిట్లో జీపు ఆపాడు. నేను కొట్టిన చెయ్యి ఇంకా పైకి లేవదు వాడికి.

"ఏమన్నా, మిషన్ పెట్టిచ్చుకుంటాండావంట? పెట్టిచ్చుకో. కాసుకోనుంటా. ఈతూరి నడమన పడిపోవద్దు."

తలుపు పక్కనున్న గొడ్డలి అందుకున్నాను. గడప దాటేలోపే ఛాతీలో మళ్లీ పలుగు దిగింది. కూలబడ్డాను. నాలుక కింద మాత్ర పెట్టుకునేదాకా వాడు చూస్తూ నిలబడి, అప్పుడు పోయాడు.

బెంగళూరుకు పోదామన్నాను. నా భార్య నా చేతిలో గొడ్డలి లాక్కుని, ఎండిపోయిన బోరు గొట్టంలోకి జారవిడిచి వచ్చింది.

"ఇప్పుడు పా, పెట్టిచ్చుకుందువు."

చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. గొడ్డళ్లు గుత్తి అంగళ్లలో దొరుకుతాయి. ఆ మాట ఆమెతో అనలేదు.