అమ్మ కుంచె వదలలేదు

మా చిన్నతనంలో... గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. తెల్లవారేసరికి మా సాలెవీధి పొడవునా పడుగు సాగదీసేవారు. చీరకు నిలువుగా పోయే నూలంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నడుమెత్తున... దానికి గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వుకుంటూ నడవాలి. నాయన, ఆయన అన్న మా పెదనాయన నేసేవారు. దువ్వడం అమ్మ పని.

ఒక వానాకాలం అమ్మ మిద్దె నిచ్చెన మీది నుంచి పడింది. తల రోలుకు తగిలింది. ప్రాణం దక్కింది... గాయమూ మానింది. కానీ నడిస్తే ఒళ్ళు ఒక పక్కకు తూలేది. తల తిప్పితే నేల తిరిగేది.

"ఏందక్కా, పొద్దుగాల్నే కల్లు దుకాణం తెరిచిండ్రా?" అని పక్కింటామె నవ్వింది.

"తెరిస్తె నిన్ను ఇడిచి పోతనా?" అంది అమ్మ.

మళ్ళీ పడుగు సాగిన రోజు అమ్మ కుంచె పట్టుకుని వచ్చింది. పెదనాయన అడ్డం నిలబడ్డాడు. రెండిళ్ళ తిండీ ఆ పడుగే.

"జర ఇనమ్మా. నువ్వు దీని మీద పడితె పోగులన్నీ తెగుతయి. ఇంట్ల కూసొని దారం కండెలు చుట్టు."

"ఇయ్యాల కూసుంటె మల్ల లేవనియ్యరు బావా. పడితె అవుతలికి పడ్త. దారం మీద పడ."

పిల్లల్లో పెద్దదాన్ని నేను, అమ్మ చేయి పట్టుకోబోయాను. వద్దంది. ఎడమ చేతి వేళ్ళు పడుగు అంచున ఆనీ ఆనకుండా పెట్టింది. బరువు వేస్తే పోగు తెగుతుంది, తీసేస్తే తాను తూలుతుంది... ఆ పాటి తాకుడు చాలింది. కాళ్ళు కుదురుకున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటూ వెనకే నడిచాను.

సగం దాటాక ఎవరో పిలిస్తే తల తిప్పింది. అంతే... ఒళ్ళు పడుగు వైపే వాలింది. చటుక్కున వేళ్ళు తీసి, తనను తానే అవతలికి విసిరేసుకుంది. రాత్రి వానకు నిలిచిన బురదలో పడింది. మోచేయి చీరుకుపోయింది.

ఒక్క పోగు తెగలేదు.

పెదనాయన పడుగంతా తడిమి చూశాడు. కింద పడిన కుంచె కడిగి తెచ్చి అమ్మకిచ్చాడు.

"ఎవ్వరూ పిలువకుండ్రి! ఆమె పని జేస్తుంది" అని వీధి మీద అరిచాడు.

అమ్మ ఆ చివరి దాకా వెళ్ళింది. ఆ తర్వాతా తూలుతూనే ఉంది... దువ్వుతూనే ఉంది.

ఇప్పుడు వీధుల్లో పడుగులు సాగడం లేదు. తలకు దెబ్బ తగిలి తూలేవారు కనిపిస్తే కుర్చీ తెచ్చి వేస్తాం... ప్రేమతోనే. మీ ఇళ్ళలో ఆ కుర్చీ వద్దన్నవారుంటే నాకు రాయండి. నా పూజలో వారి పేరూ తలుచుకుంటాను.