బాక్టీరియాకు ఇల్లరికం సంబంధం

మా ఒయ్నిసా అక్క బాక్టీరియాకు పెళ్ళి సంబంధాలు చూస్తుంది. అందిజాన్ దగ్గర మా పత్తి పరిశోధనశాలలో ఈ సంగతి వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

పత్తి వేళ్ళను పట్టుకుని మట్టిలో బతికే బాక్టీరియా ఒకటుంది. దాని జన్యువుల్లో చిన్న మార్పు చేసి, వేళ్ళను చంపే బూజును కరిగించే రసం దానిలో ఊరేలా చేసింది అక్క. ఆ ఘనకార్యం గురించి చెప్పమంటే చెప్పదు. సీసా ఎత్తిపట్టి, "మావాణ్ణి చూడు, ఎంత చలాకీగా ఉన్నాడో!" అంటుంది.

"అక్కా, అందులో కోట్లమంది ఉన్నారు."

"ఉంటే ఏం? ఒక్కడికీ చెడు అలవాట్లు లేవు."

పొలంలో వేసి చూడటానికి అనుమతి వచ్చాక రైతు మామాసిదిక్ అన్న ఇంటికి బయల్దేరాం. కిందటేడు ఆయన పత్తంతా నిలువునా వాడిపోయింది. ఈసారీ పోతే చేను వదులుకోవాల్సిందే. సిగ్గుతో ఆయన టీకొట్టు వైపు రావడమే మానేశాడు. అక్క రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది. మా వైపు అలా గడప తొక్కితే పిల్లనడగడానికి వచ్చినట్టే.

ఇంకేముంది! మెత్తలు పరిచారు, పులావు పొయ్యెక్కింది. కూతురు పట్టుగౌను వేసుకుని, తలొంచుకుని టీ తెచ్చింది.

"అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అంది వాళ్ళమ్మ.

"కాపలా. బూజు కనిపిస్తే కరిగించేస్తాడు. ఇల్లరికానికి కూడా సిద్ధమే." అక్క సంచిలోంచి సీసా తీసింది. "ఇడుగో! మీ పత్తిని మావాడికి ఇస్తారా?"

ముందు నవ్వింది ఆ పిల్లే. మామాసిదిక్ అన్న కాసేపు బిగబట్టి, చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రొట్టె విరిచాడు. రొట్టె విరిస్తే మాట ఇచ్చినట్టే.

దారిలో నేను విసుక్కున్నాను. "పాపం, ఆ పిల్ల ఎంత ముస్తాబైందో! మందు తెచ్చామని నేరుగా చెప్పొచ్చుగా?"

"మందు తెచ్చామంటే పొలానికి రోగమని ఊరంతా చాటినట్టు. రొట్టెలతో వెళితే ఆ ఇంట్లో మనం కోరి అడగాల్సింది ఏదో ఉన్నట్టు. ఆయన వీధిదాకా వచ్చి సాగనంపాడు, చూశావా?"

ఇన్నేళ్ళూ ఇదంతా ఆవిడ పిచ్చే అనుకున్నాను. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు ఆ రోజు నాకు భలే గర్వమేసింది.

వేళ్ళు నిలిచాయి, చేను తెల్లగా విచ్చుకుంది. పత్తి తీతల విందులో మామాసిదిక్ అన్న పొలంగట్టు మీద నిలబడి మీసం దువ్వాడు. "నా చేనంటే మాటలా! పరిశోధనశాల వాళ్ళు రెండుసార్లు నా గడప తొక్కారు!"

మేం వెళ్ళింది ఒక్కసారే. ఆ మాట అనబోతుంటే అక్క నన్ను గట్టిగా గిల్లింది.

"రెండేమిటన్నా, మూడుసార్లు!" అంది ఊరంతా వినేలా. "అప్పటికిగానీ మీరు ఒప్పుకోలేదు!"