ఆషాఢం రాకముందే

మా సీనియర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

భవానీపురంలో మాదో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాశాం. ఆషాఢం రాగానే తగ్గింపు దానంతటదే మొదలవ్వాలి, శ్రావణం రాగానే ఆగిపోవాలి. ఇవాళ్టి తేదీని ప్రోగ్రాం కంప్యూటర్‌ని అడగకూడదని, మనమే బయటినుంచి ఇస్తే ఏ రోజునైనా కూర్చున్నచోటే పరీక్షించుకోవచ్చని చెప్పాను. అధిక మాసం వచ్చే ఏడాదికి ఒక టెస్ట్ కూడా రాశాను. సీనియర్ అన్నీ తీసేశాడు.

"పంచాంగాలు మనకెందుకమ్మా? కంప్యూటర్లో డేట్ మార్చి చూస్తే సరిపోద్ది," అన్నాడు.

షాపుకి వెళ్ళి, అక్కడి కంప్యూటర్ తేదీని శ్రావణానికి జరిపి, తగ్గింపు ఆగిందని చూసుకుని మురిసిపోయాడు. మళ్ళీ సరిచేయడం మర్చిపోయాడు. ఆషాఢం నడుస్తుండగానే తగ్గింపు ఆగిపోయింది. కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు షాపు యజమానిని కడిగేశారు. సీనియర్ నా ఎదుటే ఆయనతో, "కొత్తమ్మాయండీ, చెప్తే వినదు," అన్నాడు. ఆ రోజు నుంచి యజమాని ఆ షాపు గుమ్మం నన్ను ఎక్కనివ్వలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మరుసటి ఏడాది అధిక మాసం పడి జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది. ఆషాఢం ఆలస్యమైంది. సీనియర్ ప్రోగ్రాంలో పాత ఏడాది తేదీలే ఉన్నాయని నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నాను. పెళ్ళి బేరాలు జోరుగా సాగుతుంటే ప్రతి బిల్లులోనూ తగ్గింపు పడటం మొదలైంది. షాపు నుంచి సీనియర్ ఫోన్ చేశాడు, వెంటనే రమ్మని. ఆటోలో వెళ్ళొచ్చు. కావాలనే బస్సెక్కాను. మొదటి బస్సు రద్దీగా ఉందని వదిలేసి మరీ ఎక్కాను.

నేను వెళ్ళేసరికి యజమాని చేతిలో బిల్లు ఉంది. తగ్గింపు ఆపడానికి సీనియర్ మళ్ళీ కంప్యూటర్ తేదీ మార్చాడు, ఈసారి వెనక్కి.

"దీనిమీద పోయిన నెల డేటేంటండీ?" అని యజమాని అడుగుతున్నారు.

"నేను సరిచేస్తానండీ," అన్నాను. "ముందు పోయినేడు డేట్ మార్చిందెవరో సార్‌ని చెప్పమనండి."

సీనియర్ చీరల మడతలకేసి చూస్తూ ఏదో గొణిగాడు. 'నేనేనండీ' అన్నది నాకు స్పష్టంగానే వినిపించింది. యజమానికీ వినిపించింది.

"వినపడలేదు సార్," అన్నాను. "కొంచెం గట్టిగా చెప్పండి."